నీళ్లొచ్చినయ్, ఒడ్డు రావాలె

ఆదివారం సాయంత్రం నాలుగు దాటిందంటే శభాష్‌పల్లి వంతెన మీద బండి ముందుకు జరగదు. ఒక దిక్కు కరీంనగర్ నుంచి వచ్చే కార్లు. ఇంకో దిక్కు వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించి తిరుగుముఖం పట్టిన తుఫాన్ జీపులు. ఒకదాని వెనక ఒకటి రోడ్డు అంచుకు ఒదిగి ఆగుతాయి. డ్రైవరు ఇంజిన్ ఆపకముందే వెనక సీట్లోంచి పిల్లలు దుంకుతారు. గుండు చేయించుకున్న తలల మీద గంధం ఇంకా తడారలేదు. అందరూ రెయిలింగ్ మీదికి వాలి కిందికి చూస్తారు. చూపు ఆనినంత దూరం నీళ్లే. ఇది సముద్రమా అని అడగని పిల్లాడుండడు.

పక్కనే బొగ్గుల మీద మక్క కంకులు కాలుతుంటాయి. ఒకామె విసనకర్రతో నిప్పులు రాజేస్తూనే, ఇంకో చేత్తో కంకిని తిప్పుతూ, నిమ్మ చెక్కను ఉప్పుకారంలో ముంచి గింజల మీద రుద్దుతుంటుంది. ఆమెకు నీళ్ల వైపు చూసే తీరిక లేదు. వంతెన కింద చేపలు పట్టే మనిషొకడు నల్లటి గుండ్రటి పుట్టిలో కూర్చుని వల సర్దుకుంటుంటాడు. పైనుంచి యాభై ఫోన్లు అతణ్ని ఫొటో తీస్తుంటాయి. లారీ హారన్ కొడుతుంది. చంటిపిల్లాడి చొక్కా కాలరును పిడికిట్లో బిగించి పట్టుకున్న తల్లి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఇప్పుడు వారాంతపు షికారు ఇలాగే ఉంది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల చుట్టూ గత పదేళ్లలో వచ్చినన్ని నీళ్లు ఈ తరం ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ నీళ్ల పక్కన కుటుంబంతో భద్రంగా కూర్చునే జాగా ఏదంటే, లారీలు తిరిగే వంతెనే గతి. 2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. ఘాట్ల మాట, బోట్ల మాట, రిసార్టుల మాట మళ్లీ మొదలైంది. ఒడ్డు ఎవరి కోసం, ఎలా ఉండాలన్నది మాట్లాడుకోవలసిన అదును ఇదే.

మూడు గుళ్లు, మూడు నీళ్లు

ఈ ప్రాంతానికి యాత్రికుల కరువు ఏనాడూ లేదు. వేములవాడలో కోడె మొక్కు, కొండగట్టు అంజన్న దర్శనం, ధర్మపురిలో నరసింహస్వామి. ఈ మూడూ ఒక్క రోజులో చుట్టి వచ్చే బండ్లు ఏడాది పొడుగునా కనిపిస్తాయి. మేడారం జాతర ఏడు వచ్చిందంటే సమ్మక్క దగ్గరికి పోయేముందు రాజన్నను చూడాలన్న ఆనవాయితీతో వేములవాడ వీధులు నిండిపోతాయి.

దారి పొడుగునా నీళ్లు పలకరిస్తూనే ఉంటాయి. వేములవాడలో గుడి చెరువు, ధర్మగుండం. ఊరు దాటితే మూలవాగు, ఆ వెనకే మిడ్‌మానేరు. జగిత్యాల దాటి పోతే ధర్మపురి దగ్గర దక్షిణ వాహినిగా పారే గోదావరి. మధ్యలో శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పొలాల మీదుగా పారుతూ మూడు తరాల పిల్లలకు ఈత నేర్పిన కాలువ అది. కాలువ గట్టున విప్పిన అంగీలు, నీళ్లలో తేలే ట్యూబులు, వంతెన మీదినుంచి మునక. వేసవి సెలవులంటే ఇక్కడి మగపిల్లలకు ఇదే.

వచ్చినవాళ్లు దేవుణ్ని చూసి పోతారు, నీళ్లను కిటికీలోంచి చూసి పోతారు. ఒక పూట ఆగితే ఆ ఖర్చు నాలుగు ఇళ్లకు చేరుతుంది. ఆపే ఏర్పాటు ఉండాలి కదా!

వాగు జలాశయమైన తీరు

పదిహేనేళ్ల కింద మానేరంటే ఏడాదిలో తొమ్మిది నెలలు ఇసుకే. చెలిమ తవ్వి బిందె నింపుకున్న ఆడవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆ వాగూ మూలవాగూ కలిసేచోట బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్టిందే మిడ్‌మానేరు. పనులు నడుస్తుండగానే 2016 సెప్టెంబర్ చివరి కుండపోతకు మట్టికట్ట తెగింది. దిగువ ఊళ్ల జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 2019లో కాళేశ్వరం నీళ్లు వరద కాలువ గుండా ఇక్కడికి చేరాయి. ఆ ఏడే జలాశయం నిండుగా కనిపించింది.

ఆ నీళ్ల అడుగున 12 ఊళ్లున్నాయి. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొడిముంజ, చింతల్‌ఠాణా, చీర్లవంచ... ఒక్కో పేరూ ఒక్కో బొడ్రాయి, ఒక్కో రచ్చకట్ట. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గోడలు, గుడి మెట్లు, సిమెంటు రోడ్లు తేలుతాయి. ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీల నుంచి జనం బండ్లు కట్టుకుని వస్తారు. ఇదే మన వాకిలి, ఇక్కడే మన వేపచెట్టు అని మనుమలకు చూపిస్తారు. ఆ పక్కనే కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాళ్లు సెల్ఫీలు దిగుతుంటారు. ఒకే ఒడ్డు ఒకరికి షికారు, ఇంకొకరికి పుట్టిల్లు. ఇక్కడ పర్యాటకం గురించి ఆలోచించేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయస్వామి గుడి ఉంది. ఊరు మునిగింది, గుట్ట మిగిలింది. నీళ్లు నిండితే అది దీవి. దత్త జయంతికి భక్తులు పడవల్లో పోయి మొక్కు చెల్లించి వస్తారు. ఎవరూ ప్రణాళిక వేయకుండానే పుట్టిన పడవ ప్రయాణం ఇది. మొదట బాగుచేయవలసిన రేవు కూడా ఇదేనని నా నమ్మకం.

> బాక్స్: మిడ్‌మానేరు లెక్క
> అధికారిక పేరు: శ్రీ రాజరాజేశ్వర జలాశయం
> ఎక్కడ: మాన్వాడ, బోయినపల్లి మండలం, రాజన్న సిరిసిల్ల జిల్లా
> నిల్వ: దాదాపు 27.5 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు
> గేట్లు: 25
> పూర్తి నీటిమట్టం: 318 మీటర్లు
> నీళ్లొచ్చే దారులు: మానేరు, మూలవాగు, శ్రీరాంసాగర్ వరద కాలువ, కాళేశ్వరం ఎత్తిపోత
> ఎగువన: నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు. దిగువన: కరీంనగర్ దగ్గర 1985లో పూర్తయిన లోయర్ మానేరు, 24 టీఎంసీలు

కార్నిష్ చూసొచ్చిన కళ్లు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల. ఈ ఊళ్లలో ఏ గల్లీకి పోయినా దుబాయి, దోహా, మనామా పోయొచ్చిన మనిషి ఎదురవుతాడు. ఇక్కడివాళ్లకు సముద్రతీర నగరం ఎలా ఉంటుందో పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన పని లేదు. విశాఖ రుషికొండ కన్నా వీళ్లకు గల్ఫ్ కార్నిష్ దగ్గరిది.

దుబాయిలో సోనాపూర్ కార్మికుల క్యాంపు గదిలో మంచం మీద మంచం. వారంలో ఒక్క రోజు సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కుని, పప్పు వండుకుని, సాయంత్రానికి దేరా చేరి ఒక్క దిర్హం ఇస్తే అబ్రా పడవ క్రీక్ దాటించి బర్ దుబాయిలో దింపుతుంది. మళ్లీ ఒక్క దిర్హంతో వెనక్కి. దోహాలో అయితే ఏడు కిలోమీటర్ల కార్నిష్. సముద్రం అంచున నడిచే బాట, కూర్చునే బెంచీలు, పచ్చగడ్డి, దీపాలు. కూలి మనిషి గడ్డి మీద కాళ్లు చాపి ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. ఫోన్ తిప్పి సముద్రం చూపిస్తాడు. ఇక్కడ కోరుట్లలో ఆ పిల్లలు తండ్రి ముఖంతోపాటు ఒక ఒడ్డును కూడా చూస్తూ పెరుగుతారు.

ఆ ఒడ్డు అందరిదీ కాదన్న చేదు కూడా వాళ్లకు తెలుసు. ఒంటరి మగవాళ్లను లోపలికి రానివ్వని ఫ్యామిలీ డేలు గల్ఫ్ పార్కుల్లో ఉండేవి. గేటు దగ్గర ఆపేస్తే వెనక్కి మళ్లడం ఎట్లుంటదో ఆ మనిషిని అడగాలి. అందుకే మన దగ్గర కట్టబోయే ఒడ్డు టికెట్టు కొనలేనివాడికి కూడా తెరిచి ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

సెలవు మీద ఇంటికొచ్చిన తండ్రిని పిల్లలు మొదట అడిగేది నీళ్ల దగ్గరికి తీసుకుపొమ్మనే. బైకు మీద నలుగురు ఎక్కి ఇబ్రహీంపట్నం మండలం దిక్కు, ఎర్దండి గోదారి ఒడ్డుకో, పొన్కల్, మూలరాంపూర్ ఊళ్ల మధ్య కట్టిన సదర్‌మాట్ బ్యారేజీ దగ్గరికో పోతారు. అక్కడ ఆయనకు కావలసింది పెద్ద హోటలేమీ కాదు. కార్నిష్‌లో ఆయన సెలవు రోజున చూసినవే: జారని మెట్లు, నడుం ఎత్తు రెయిలింగ్, చీకటి పడితే వెలిగే దీపం, శుభ్రమైన బాత్‌రూం. ఇవి ఎడారిలో కట్టగలిగినవాళ్లలో మన జిల్లాల మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు కూడా ఉన్నారు. పనితనానికి మనకు కొదవ లేదు.

సాంచాల ఊరికి వాగే పార్కు

సిరిసిల్లలో పాతిక వేలకు పైగా సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. షెడ్డులో అడుగుపెడితే పక్కమనిషి మాట వినిపించదు. పన్నెండు గంటల షిఫ్టు దిగిన నేత కార్మికుడికి చెవుల్లో ఆ మోత రాత్రిదాకా ఆగదు. ఆ ఊరికి మానేరు ఒడ్డు ఎంత అవసరమో చెప్పడానికి ఇది చాలు. ఇరుకు ఇళ్లు, ఆటస్థలాలు తక్కువ. ఊరి పక్కన వాగుకు చెక్‌డ్యాములు వచ్చి నీళ్లు నిలిచేసరికి పిల్లలకు ఆట దొరికింది.

2021 నవంబర్‌లో ఒక సాయంత్రం బడి వదిలాక కొందరు పిల్లలు ఆ చెక్‌డ్యాం దగ్గర ఈతకు దిగారు. వారిలో ఆరుగురు తిరిగి రాలేదు. చాలా వరకు రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ల పిల్లలే. మానేరు ఒడ్డున పార్కు, బోటు, రిసార్టు అని రాసే ప్రతి కాగితం మీద మొదటి పేజీలో ఆ ఆరుగురు ఉండాలి.

చెక్‌డ్యాం చూడటానికి అమాయకంగా ఉంటుంది. సన్నటి గోడ, దాని మీదుగా జారే పలచటి నీరు. గోడ మీద పాకురు పడితే కాలు నిలవదు. గోడ దిగువన పడిన నీరు ముందుకు పోయినట్టే పోయి, గుండ్రంగా తిరిగి గోడ వైపే లాగుతుంది. ఈత బాగా వచ్చినవాడు కూడా ఆ సుడిలోంచి బయటపడలేడు. పైన నిలిచిన నీటి అడుగున ఇసుక తోడిన గుంతలు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు మరో అడుగు వేస్తే నిలువు లోతు. మిడ్‌మానేరులో ఇంకో ప్రమాదం ఉంది. మునిగిన ఊళ్ల బావులు, మొండిగోడలు, చెట్ల మోళ్లు నీళ్ల కిందనే ఉన్నాయి. పాత ఊరి మనుషులకు అవి ఎక్కడున్నాయో తెలుసు. ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగొద్దు అని గీత గీయాలంటే వాళ్లను మించిన సర్వేయరు లేడు.

నర్మాల దగ్గర ఎగువ మానేరు మత్తడి దుంకిందంటే చుట్టుపక్కల మండలాలన్నీ అక్కడే ఉంటాయి. నురగ కక్కుతూ దిగే నీళ్ల కింద తలపెట్టి నిలబడే ఆనందం మాటల్లో చెప్పేది కాదు. అదే నర్మాలలో 2025 ఆగస్టులో వాగు అవతల చిక్కుకున్న రైతులను హెలికాప్టర్‌తో బయటకు తేవలసి వచ్చింది. మధ్యాహ్నం పిల్లలాడిన నీరు సాయంత్రానికి మనిషిని మింగగలదు. పైన గేటు ఎత్తారన్న కబురు కింద స్నానం చేస్తున్నవాడికి క్షణాల్లో చేరాలి. సైరన్ ఒక్కటే సరిపోదు. ఆ సైరన్ విని విజిల్ ఊది జనాన్ని ఒడ్డెక్కించే మనిషి కావాలి.

> బాక్స్: నీళ్ల దగ్గరికి పోతే
> చెక్‌డ్యాం గోడ మీద నడవొద్దు. గోడ కింద అసలే దిగొద్దు.
> జలాశయంలో కొత్తచోట తలకిందులుగా దుంకొద్దు. అడుగున గోడో, బావో ఉండొచ్చు.
> నీళ్లు ఒక్కసారిగా మురికిగా మారినా, చెత్త కొట్టుకొస్తున్నా పైన వరద వచ్చినట్టే. వెంటనే ఒడ్డెక్కాలి.
> ఒకరు మునుగుతుంటే చేతులు గొలుసు కట్టి దిగొద్దు. తాడు, చీర, ఖాళీ డబ్బా, ట్యూబు ఏది దొరికితే అది విసరాలి.
> లైఫ్ జాకెట్ కట్టుకోనివ్వని పడవ ఎక్కొద్దు.
> అత్యవసరానికి ఫోన్: 112

గోదారి గట్టున రెండు వేల ఏళ్లు

జగిత్యాల పట్టణంలో నీళ్లంటే మొదట గుర్తొచ్చేది కోట చుట్టూ ఉన్న కందకం. 1747 నాటి నక్షత్రాకారపు కోట అది. ఊళ్లో చింతకుంట, మోతె చెరువు, ధర్మసముద్రం ఉన్నాయి. తెల్లారగట్ల నడకకు వచ్చేవాళ్లకు చెరువు కట్టలే మైదానాలు.

అసలు సంపద గోదావరి గట్టున ఉంది. పెద్దవాగు గోదారిలో కలిసేచోట కోటిలింగాల. తవ్వకాల్లో శాతవాహనుల నాటి ఇటుక గోడలు, బావులు బయటపడ్డాయి. ఆ వంశానికి ఆద్యుడైన చిముకుని నాణేలు దొరికింది ఇక్కడే. వాటిని పోగుచేసి చరిత్రకారుల దృష్టికి తెచ్చింది ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ. ఇప్పుడా గట్టు ముందు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనకనీళ్లు సముద్రంలా పరుచుకున్నాయి. కోటేశ్వరుడి గుడి మెట్ల మీద కూర్చుంటే అవతలి ఒడ్డున మంచిర్యాల జిల్లా మసకగా కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ల నగరం కాళ్ల కింద, గోదారి కళ్ల ముందు. ఇంత ఉన్నచోట నీడకు ఒక మండపం, ఈ మట్టి కథ చెప్పే ఒక చిన్న మ్యూజియం ఉంటే బడిపిల్లల బస్సులు వరస కడతాయి.

ధర్మపురి సంగతి వేరు. అక్కడ ఒడ్డు ఇప్పటికే జనంతో నిండి ఉంది. 2015 జులైలో పుష్కరాలప్పుడు ఆదివారం వచ్చేసరికి కిలోమీటర్ల కొద్దీ బండ్లు రోడ్డు మీదనే ఆగిపోయాయి. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు కోనేట్లో తెప్పోత్సవం, డోలోత్సవం చూడటానికి మెట్లన్నీ మనుషులే. పుష్కరాలకు కట్టే ఘాట్లు పన్నెండు రోజుల కోసం కడితే మిగతా పన్నెండేళ్లూ బూజు పడతాయి. మామూలు సోమవారం నాడు స్నానానికి వచ్చిన ముసలవ్వ పట్టుకుని దిగే గొలుసు, తడిబట్ట మార్చుకునే గది, మురుగు కలవని నీళ్లు. వీటిని లెక్కలోకి తీసుకుని కట్టిన ఘాటైతేనే ఖర్చుకు ఫలితం.

ఆడవాళ్లకు ఏడాదికి ఒక్క సాయంత్రమేనా?

కాలువలో ఈత మగపిల్లలది. చెరువు కట్ట మీద దావత్ మగవాళ్లది. నీళ్ల దగ్గర ఆడవాళ్లు తమదిగా నిలబడే పూట సద్దుల బతుకమ్మ ఒక్కటే. సిరిసిల్లలో మానేరు దారి ఆ సాయంత్రం తంగేడు, గునుగు, బంతిపూలతో నడుస్తుంది. తలల మీద బతుకమ్మలు, చేతుల్లో సత్తుపిండి ముద్దలు, పక్కన కొత్త బట్టల పిల్లలు. నీళ్లలో బతుకమ్మను వదిలి, పసుపు ముద్ద గౌరమ్మను పుస్తెలకు అద్దుకుని, ఒడ్డునే కూర్చుని ఫలారం పంచుకుంటారు. ఈ నేల మీద పుట్టిన అసలైన జలతీర ఉత్సవం అదే.

ఆ ఒక్క రోజుకు దీపాలు వస్తాయి, మెట్లు కడుగుతారు, పోలీసులు, గజ ఈతగాళ్లు నిలబడతారు. తెల్లారి అన్నీ మాయం. బతుకమ్మ నాడు చేయగలిగిన ఏర్పాటు ప్రతి ఆదివారం చేయలేమా? బీడీలు చుట్టే చేతులు, సాంచాల దగ్గర కండెలు చుట్టే చేతులు వారానికి ఒక పూట నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవద్దా? వెలుతురు, టాయిలెట్లు, ఊరికి పోయే ఆఖరి బస్సు. ఈ మూడూ ఉంటే ఆడవాళ్లు తమంతట తామే వస్తారు. తాగి పడేసిన సీసా పెంకులు ఏరించడం నాలుగోది.

మొదటి హక్కు పుట్టి నడిపేవాడిది

కాకతీయుల లక్నవరం చెరువు మీద వేలాడే వంతెన వేశాక ములుగు దారి పట్టిన జనాన్ని చూశాం. 2023 జూన్‌లో తీగల వంతెన తెరిచాక కరీంనగర్ సాయంత్రాలు మారిపోయాయి. మిడ్‌మానేరుకు కూడా రేపోమాపో పెట్టుబడి వస్తుంది. వచ్చే ముందే తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ నీళ్ల కింద ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు, ఈ నీళ్ల మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర సంఘాలకు అందులో వాటా ఏమిటి?

రవ్వ, బొచ్చె, కొర్రమట్ట. వల నుంచి నేరుగా కడాయిలోకి పోయే చేప రుచి తెలిసినవాళ్లు దాని కోసమే నలభై కిలోమీటర్లు వస్తారు. ఒడ్డున చేపల వంటకాల దుకాణాలు మత్స్యకార మహిళా సంఘాలకే ఇవ్వాలి. పడవలు నడిపే పని ఆ నీళ్ల మీద పెరిగినవాళ్లకు ఇచ్చి, పైన శిక్షణ, జీతం, బీమా కలపాలి. ఆర్ అండ్ ఆర్ కాలనీలో పనికోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లలో ఈతరాని వాళ్లు అరుదు. వాళ్లే లైఫ్‌గార్డులు కావాలి. దుబాయి వీసాకు అప్పు చేసేకన్నా ఊరి ఒడ్డున విజిల్ మెడలో వేసుకుని నెల జీతం అందుకోవడం ఆ ఇంటికి ఎంత నిమ్మళం!

పడవల విషయంలో తొందరపాటు పనికిరాదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదారిలో మునిగిన బోటులో డెబ్బైమందికి పైగా ఉన్నారు. బతికి బయటపడింది పాతిక మంది చిల్లర. వరద ఉన్న రోజున బోటు ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు ఆ కుటుంబాల్లో ఇప్పటికీ జవాబు లేదు. 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం ఇంజిన్ లేని పడవలను కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే దారి చూపింది. అంటే వరదవెల్లి రేవులో దత్త జయంతికి జనాన్ని దాటించే చిన్న పడవకూ ఒక నంబరు, ఎందరు ఎక్కవచ్చో చెప్పే ఒక అంకె, అంతమందికి సరిపడా జాకెట్లు ఉండాలి. గాలి లేచిన రోజు పడవ ఆపే అధికారం రేవులో నిలబడిన మనిషికే ఉండాలి.

వానలు వెనకబట్టాక, దసరా నుంచి సంక్రాంతి దాకా ఈ జలాశయాలు నిండుగా ఉంటాయి. గాలి చల్లగా ఉంటుంది, ఎండ చురుక్కుమనదు. వరదవెల్లి రేవులో పది పడవలు, శభాష్‌పల్లి వంతెనకు ఒక చివర బండ్లు ఆపుకునే స్థలం, అక్కడినుంచి నీళ్లదాకా మెట్లు, నలుగురు లైఫ్‌గార్డులు. బడ్జెట్ లెక్కల్లో ఇది చిన్న పనే. పుష్కరాల పేరిట నిధులు కదులుతున్నప్పుడు సిరిసిల్ల, జగిత్యాల జిల్లాలు కలిసి అడగవలసిన మొదటి పద్దు ఇది.